ఈ పాదు నాది!

*అమ్మానాన్నలు దూరమైన పిల్లలకు అన్నం పెట్టడం అందరూ ఆలోచించే పనే. ఆ పిల్లల చేతే నలుగురికీ పెట్టిస్తే? ఆంధ్రా–ఒడిశా సరిహద్దులో గిరిసోల నుంచి బరంపురం దాకా ఒక పరిశీలన.*

"మొదట్లో పొయ్యకండి. కుళ్లిపోద్ది. చుట్టూ పొయ్యాలి."

దాదాపు గద్దించాడు. తొమ్మిదేళ్లుంటాయేమో. మూతకు చిల్లులు పొడిచిన పాత కూల్‌డ్రింకు సీసాతో బీరపాదు చుట్టూ గుండ్రంగా నీళ్లు చిలకరిస్తున్నాడు. సాయం చేద్దామని చెంబెత్తిన నేను మాట్లాడకుండా దించేశాను.

"ఈ పాదు నాది. ఆ బచ్చలి మామ్మది. తోటకూర అందరిదీ" అని ఆస్తి పంపకాలు చెప్పాడు. మధ్యలో పక్కింటి పిల్ల వచ్చి ఒడియాలో ఏదో అడిగింది. ఒడియాలోనే జవాబిచ్చి, మళ్లీ నా వైపు తిరిగి తెలుగందుకున్నాడు. పందిరి వెనకాల, తాటిచెట్ల అవతల, పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీల హోరు. ఇది గిరిసోల. గంజాం జిల్లాలో, ఒడిశా అంచున ఉన్న ఊరు. ఇంకొంచెం దక్షిణానికి నడిస్తే పురుషోత్తపురం. అది ఆంధ్రా. ఆ పైన ఇచ్ఛాపురం.

"ఆళ్లమ్మా నాయినా సూరత్తులో ఉన్నారు బాబూ, మగ్గాల కాడ" అంది మామ్మ, చాటలో ఆకు తుంచుతూ. "ఈడికి నాలుగేళ్లప్పుడు నాకాడ ఒగ్గీసి ఎల్లారు. ముందర ఈ గుంటడు ఎవులితోటీ మాటాడీవోడు కాదు. సరిగ్గా తినీవోడు కాదు. ఇప్పుడు సూడండి, ఈదంతటికీ కూర పంచేస్తన్నాడు."

ఆ ఆఖరి మాటే ఈ కథనం రాయించింది. బడి భోజనం గురించి రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఆంధ్రాలో 2025 జూన్ నుంచి బడి కంచంలోకి సన్నబియ్యం వచ్చింది. గుడ్డు, చిక్కీ, రాగిజావ అంతకు ముందే వచ్చాయి. ఒడిశాలో కొన్ని జిల్లాల అంగన్‌వాడీలు చోళ్ల లడ్డూలు పెడుతున్నాయి. కంచంలో ఏం పడుతోందని అడిగేవాళ్లు పెరగడం మంచిదే. కంచం ముందు కూర్చున్న పిల్లాణ్ని మాత్రం తినేవాడిగా తప్ప ఇంకోలా చూడటం మనకింకా రాలేదు. తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలకు బట్ట, పుస్తకం, పలక, అన్నం అన్నీ ఎవరో ఇచ్చేవే. పుచ్చుకోవడమొక్కటే వాళ్లకు మిగిలిన పని. వాడిచేత కూడా ఎవరికైనా ఏదైనా ఇప్పించగలిగితే వాడి నడక మారుతుంది. మామ్మ చెప్పింది అదే.

గేటు పడినా, ఎత్తినా

గిరిసోల పేరు చెబితే లారీ డ్రైవర్లకు గుర్తొచ్చేది చెక్‌గేటు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక పన్నుల గేటుకు పాత దర్జా పోయింది. మూడేళ్లు తిరక్కుండానే 2020 వేసవిలో ఆ గేటు మళ్లీ వార్తలకెక్కింది. దక్షిణాది నుంచి మూటాముల్లెతో, నడిచీ, దొరికిన లారీ ఎక్కీ వచ్చిన వలస కూలీలు ఒడిశాలో అడుగు పెట్టింది ఇక్కడే. తల్లుల చంకల్లో పసిపిల్లలు, పక్కన చెప్పుల్లేని పెద్దపిల్లలు. ఆ ఫొటోలు మనలో చాలామందికి జ్ఞాపకమే.

ఈ గీత అంత పాతదేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలోవే. గీత గీశాక బరంపురం అటు, ఇచ్ఛాపురం ఇటు. చుట్టాలు మాత్రం రెండువైపులా ఉండిపోయారు. నాలుగో రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టింది బరంపురంలోనే. ఇప్పటికీ ఆ ఊరి బజార్లో తెలుగులో బేరమాడి పట్టుచీర కొనుక్కోవచ్చు.

పెద్దలకు ఇదో ముచ్చట. పిల్లలకు వచ్చేసరికి చిక్కు. తల్లి రేషన్ కార్డు ఒక రాష్ట్రంలో ఉంటుంది, అమ్మమ్మ ఇల్లు ఇంకో రాష్ట్రంలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తండ్రి పోయిన ఊరొకటి, చావు కాగితం కావలసిన ఊరొకటి. ఏ లెక్కలోనూ సరిగ్గా ఇమడని పిల్లలు సరిహద్దు ఊళ్లలోనే ఎక్కువగా తయారవుతారు.

ఎందుకు ఒంటరయ్యారు?

గంజాం నుంచి సూరత్‌కు బాట ఎప్పుడో పడింది. అక్కడి మరమగ్గాల మీద పనిచేసేవాళ్లలో ఒడియా కూలీలు లక్షల్లో ఉంటారు. వాళ్లలో పెద్ద భాగం ఈ జిల్లా వాళ్లే. పన్నెండు గంటల షిఫ్టు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు నడుం వాల్చే గదులు. అక్కడికి పిల్లల్ని ఎలా తీసుకెళ్తారు? తాతలూ మామ్మలే తల్లిదండ్రులయ్యారు.

ఆ బాట వెంట డబ్బుతో పాటు జబ్బూ వచ్చింది. ఒడిశాలో హెచ్ఐవీ కేసులు ఎక్కువగా బయటపడిన జిల్లాల్లో గంజాం పేరు చాలా ఏళ్లు ముందు వరసలో వినపడింది. మందులు వచ్చాక చావులు తగ్గాయి. 2008లో మొదలైన మధుబాబు పింఛను పథకం హెచ్ఐవీ ఉన్నవాళ్లకూ వర్తించింది. మందులు రాని తొలి రోజుల్లో తల్లినో తండ్రినో ఇద్దరినో పోగొట్టుకున్న పిల్లలు మాత్రం చుట్టాల ఇళ్లలో గొడ్ల చావిడి పక్కన పెరిగారు. వాళ్ల కంచం వేరు, గ్లాసు వేరు. ఆకలి కంటే ఆ విడి కంచమే వాళ్లను ఎక్కువ కుంగదీసిందని ఈ పనిలో ఉన్నవాళ్లెవర్ని అడిగినా చెబుతారు.

గేటుకి ఇవతల కథ ఇంకోటి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఇంటిపెద్దలను పట్టుకెళ్తోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ దగ్గరైంది, కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. తండ్రిని వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి తీసుకెళ్లే తల్లి ఆ రోజుల్లో వంట ఎవరికి అప్పగిస్తుంది? పదకొండేళ్ల పెద్దపిల్లకి. ఆ పిల్ల బడి హాజరుపట్టీ చూస్తే డయాలసిస్ తేదీలు చెప్పేయొచ్చు.

పైన తుపాన్లు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని, పనసను కూల్చేసింది. కొబ్బరిచెట్టు పోతే మళ్లీ కాపుకు అయిదారేళ్లు. ఈలోగా పిల్లాడు పెద్దవాడై తానూ సూరత్ బస్సో చెన్నై రైలో ఎక్కేస్తాడు.

▪ అంకెల్లో పిల్లలు
2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఒడిశాలో 31 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. దేశం మొత్తమ్మీద 35.5 శాతం.
ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఒడిశాలో 64.2 శాతం, ఆంధ్రాలో 63.2 శాతం. గేటుకి ఏ పక్కన పుట్టినా ముగ్గురిలో ఇద్దరు పాలిపోయిన పిల్లలే.
మధ్యాహ్న భోజనంలో రోజుకు ఉండాల్సిన కూరగాయలు ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి 50 గ్రాములు, ఆపై తరగతుల్లో 75 గ్రాములు.

ఈ నేల మీద ముందే నడిచినవాళ్లు

ఈ ప్రాంతంలో పిల్లల గురించి మాట్లాడేటప్పుడు గిడుగు రామమూర్తి గారిని దాటిపోలేం. వ్యావహారిక భాష కోసం కొట్లాడిన గిడుగు అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర పిల్లల కోసం ఆయన చేసింది తక్కువమందికి తెలుసు. సవర భాష వచ్చినవాణ్ని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఎవరూ పట్టించుకోని పిల్లల దగ్గర తాను నేర్చుకోవలసింది ఉందనుకోవడం ఆ రోజుల్లో ఎంత పెద్ద సంగతి! 1936లో పర్లాకిమిడి ఒడిశాకు పోవడంతో ఆయన ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు.

ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్లకు, 1971 తుపాను బాధితుల సాయానికి మద్రాసు నుంచి ఒడిశా వచ్చిన విద్యార్థుల్లో జో మడియత్ ఒకరు. ఆయన తిరిగి వెళ్లలేదు. 1979లో బరంపురం దగ్గర మొహుదా కేంద్రంగా గ్రామ్ వికాస్ మొదలైంది. కెరండిమాల్ కొండల్లో సారా వ్యాపారులకు, వడ్డీ వ్యాపారులకు చిక్కిన ఆదివాసుల మధ్య తొలి పని. వాళ్ల పిల్లల కోసం 1982లో కంకియాలో ఆశ్రమ పాఠశాల పెట్టారు. గ్రామ్ వికాస్‌కు దేశంలో పేరొచ్చింది పేడ గ్యాసుతోనూ, తర్వాత మరుగుదొడ్లతోనూ. ఊళ్లో ఒక్క ఇల్లు ఒప్పుకోకపోయినా పని మొదలుపెట్టేవాళ్లు కాదు. తల్లీతండ్రీ లేని ఇంటినీ, విధవరాలి ఇంటినీ వదిలేసి మిగతా ఊరు బాగుపడటం కుదరదన్న పట్టుదల అది. స్నానాల గది నీళ్లు పెరటి మళ్లకు పారేలా చేసుకోవడంతో ఎండాకాలంలోనూ అరటి, బొప్పాయి బతికాయి.

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు. అనంతపురం పక్క చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బీడు నేల మీద మొదలైన తింబక్తు కలెక్టివ్ పేద పిల్లలకు బడి పెట్టింది, రైతుల చేత సేంద్రియ చిరుధాన్యాలు పండించింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి పచ్చసాలెలో చదువుతో పాటు సేద్యం, చేతిపనులు నేర్పారు. చెట్టు పేరు పుస్తకంలో చదివి ఊరుకోకుండా దాని కింద గుంత తవ్విన పిల్లలు అక్కడ తయారయ్యారు.

ప్రహ్లాదుడి వెనక ఊరంతా

తోట గురించి ఎవరైనా ఒప్పుకుంటారు. "తినడానికి లేని పిల్లలకు ఆటపాటలెందుకండీ?" అనే ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది. గంజాంలో ఈ ప్రశ్నకు జవాబు ఓ నాటకం.

ప్రహ్లాద నాటకం ఈ జిల్లా సొత్తు. పంతొమ్మిదో శతాబ్దంలో జలంతర పాలకుడు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద వచ్చింది. ఆ జలంతర ఇప్పుడు మన కంచిలి మండలంలోని జలంత్రకోట. అంటే నాటకం పుట్టిన చోటు ఆంధ్రాలో, ఆడే ఊళ్లు ఒడిశాలో! మెట్లు మెట్లుగా కట్టిన చెక్క వేదిక, పై మెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం, కింద మద్దెల, తాళాలు. రాత్రి మొదలైతే తెల్లారేదాకా. నరసింహుడి వేషం కట్టినవాడికి పూనకం వస్తే పదిమంది పట్టుకోవాలి.

ఒక్కసారి ఆ కథను పిల్లాడి వైపు నుంచి చూడండి. సొంత తండ్రే కొట్టించాడు, ఏనుగులతో తొక్కించబోయాడు, విషం పెట్టించాడు. ఇంట్లో రక్షణ లేని పిల్లాడి కథ ఇది. ఆ పాత్ర కట్టేది మామూలుగా ఓ చిన్న కుర్రాడే. ఎదురుగా ఊరు ఊరంతా కూర్చుని రాత్రంతా వాడి పక్షాన ఏడుస్తుంది, వాడు గెలిస్తే లేచి దండం పెడుతుంది. ఇంట్లో దెబ్బలు తినే పిల్లాడు జనంలో కూర్చుని ఇది చూస్తే వాడికి అర్థమయ్యేది ఏ కౌన్సెలింగ్ గదిలోనూ చెప్పలేం. వాడే ఆ వేషం కడితే ఇక చెప్పేదేముంది.

బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే ఠకురాణి యాత్రదీ ఇదే తీరు. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహెరా వీధికి వస్తుంది. నేతకారుల కుటుంబాలది ఇందులో పెద్దపీట. మొక్కున్నవాళ్లు రకరకాల వేషాలు కడతారు. పులి వేషం కట్టే కుర్రాడు ఒంటికి రంగు ఆరేదాకా చేతులు ఎడంగా చాపి నిలబడాలి. కూర్చోడు, ఆనుకోడు, గోక్కోడు. గంటల తరబడి ఓపిక. డప్పు మోగగానే పేరెరగని కుర్రాడికి జనం దారిస్తారు. గొల్లల పిల్లలు పొడుగు కర్రల మీద నిలబడి ఆడే రణపా కూడా ఈ ప్రాంతానిదే. పడిపోకుండా నిలబడటమే అందులో కళంతా.

ఎక్కడో వెనెజులాలో 1975లో హొసే ఆంటోనియో అబ్రేయు పేద పిల్లల చేతికి వయొలిన్లిచ్చి మొదలుపెట్టిన 'ఎల్ సిస్తెమా' ప్రపంచమంతా పాకింది. మనకూ 1940లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి రేడియో అన్నయ్య, అక్కయ్య అయ్యారు. పిల్లలు వింటే చాలనుకోకుండా వాళ్లచేతే పాడించారు, ఆడించారు.

దాతలొస్తున్నారు, డాన్సు చెయ్యండి

ఇక్కడ ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. అనాథాశ్రమాల్లో కళల పేరుతో జరిగేదంతా కళ కాదు. కారు వచ్చి ఆగగానే పిల్లల్ని వరసలో నిలబెట్టి స్వాగత నృత్యం. కేకు కోత. రొట్టె ముక్క, అరటిపండు చేతికిస్తున్నప్పుడు ఫొటో. అదే పాట నెలకు ఆరుసార్లు ఆడిన పిల్లను ఒకసారి అడిగాను, ఇంకే పాట ఇష్టమని. "ఇష్టం అంటే?" అంది.

తోటకూ ఇదే ప్రమాదం. నీళ్లు మోయడం, కలుపు తియ్యడం పిల్లల చేత చేయించి, పండిన బెండకాయలు అమ్ముకుంటే దాన్ని తోట అనకూడదు, కూలి అనాలి. కొలమానం సులువే: కాసిందాంట్లో ఏది ఎవరికి పెట్టాలో తేల్చేది ఎవరు? పిల్లలైతే తోట.

పైగా ఈ హోముల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో మామ్మో ఉంటారు. పేదరికమే వాళ్లను అక్కడికి తెచ్చింది. వీలైనంతవరకు పిల్లలు కుటుంబంలోనే ఉండాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. అలా ఉంచుకున్న ఇంటికి మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4 వేల రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. మన బరువైన మనసుతో హోముకి రాసే చెక్కు కంటే ఆ మామ్మ చేత ఓ దరఖాస్తు రాయించడం మేలు. కానీ దానికి ఫొటో ఉండదు.

▪ ఎవరికి చెప్పాలి?
ఆపదలో ఉన్న పిల్లలు కనిపిస్తే 1098కి ఫోన్. రెండు రాష్ట్రాల్లోనూ అదే నంబరు.
ప్రతి జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది. అధ్యక్షులు, నలుగురు సభ్యులు. పిల్లల్ని ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది ఆ కమిటీయే. నేరుగా తీసుకెళ్లి ఏ ఆశ్రమంలోనో దించేయడం చట్టం ఒప్పుకోదు.

మేలో ఎండిపోయే తోటలు

బడుల్లో పోషకాహార తోటలు పెట్టాలని కేంద్రం 2019లో మార్గదర్శకాలిచ్చింది. తోటకు 5 వేల రూపాయలు. అమెరికాలో బర్క్‌లీ బడిలో ఆలిస్ వాటర్స్ 1995లో మొదలుపెట్టిన తినే తోట లాంటివి చూసి మురిసిపోయినవాళ్లకు మన బడి తోట ఓ జులైలో చూపించాలి, ఓ మేలో చూపించాలి. జులైలో ఫ్లెక్సీ, బెండ మొక్కలు, గౌరవనీయుల చేతుల్లో పార. మేలో ఫ్లెక్సీ ఒక్కటే. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేదెవరు? ప్రహరీ లేకపోతే మేకల్ని ఆపేదెవరు?

అందుకే ఈ ఇసక నేలల్లో పెరడు తెలిసినవాళ్లు కొన్ని జాగ్రత్తలు చెబుతారు. చేతులు కడిగే చోట అరటి. కంచె వెంబడి మునగ, అవిసె. మునగ తుపానుకు విరిగినా మోడు చిగురిస్తుంది. బొప్పాయి ఒక్క గాలికే పోతుంది, పోతే పోయిందని మళ్లీ వెయ్యాలి. బచ్చలి, పొన్నగంటి ఒకసారి నాటితే తెంపినకొద్దీ వస్తాయి. అన్నీ పోయిన రోజున కూడా గుప్పెడు తోటకూర విత్తనం చల్లితే నెల తిరగకుండా కూర. తుపాను తర్వాత పిల్లలకు ముందుగా దక్కే పచ్చదనం అదే. ఆకుకూరలో విటమిన్ ఎ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె తగలాలి. ఉడకబెట్టి ఉప్పేసి పెడితే సరిపోదు. ఒడియా ఇళ్లలో దాల్మా చూడండి: పప్పులోనే గుమ్మడి, అరటికాయ, మునక్కాడ, పైన పోపు. ఒక్క గిన్నెలో పిల్లాడికి కావలసినవన్నీ పడిపోతాయి. మన పులుసు దానికి చెల్లెలే.

చోళ్లు ఈ నేలవే. 2017లో ఒడిశా చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి మాండియాకు (చోళ్లకు ఒడియా పేరు) మళ్లీ మర్యాద తెచ్చింది. ఒడిశా అంగన్‌వాడీ పిల్లల ఇళ్లకు వెళ్లే ఛతువా పిండిని మహిళా సంఘాలే వేయించి, మర పట్టించి పంపుతాయి. గోధుమ, శనగ, వేరుశనగ, పంచదార. ఆ వాసన వచ్చే వీధిలో పిల్లలు పిలవకుండానే చేరతారు. ఏ పెద్ద ఫ్యాక్టరీ పొట్లానికీ లేని గుణం అది: కలిపిన చెయ్యి ఎవరిదో తినే పిల్లకు తెలుసు.

▪ బకెట్టు జీవామృతం
ఎకరాకు చేసే కొలత పెద్దది. పెరటికి 20 లీటర్ల బకెట్టు చాలు. కిలో ఆవుపేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, చెట్టు కింది మట్టి ఓ గుప్పెడు. నిండా నీళ్లు పోసి నీడలో ఉంచి రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పాలి. రెండు రోజులకు సిద్ధం. పదింతల నీళ్లు కలిపి మొక్కల చుట్టూ పోయాలి. వారంలోపు వాడేయాలి. వాసనకు ముక్కు మూసుకునే పిల్లలకు తిప్పే పని ముందు ఇవ్వండి, మూడో రోజుకి వాళ్లే మేస్త్రీలవుతారు.

గుడ్డముక్క కట్టిన కాయ

గిరిసోల పెరట్లో పొద్దు వాలింది. మామ్మ పందిరి కింద నిలబడి ఓ ముదురు బీరకాయ మీద చెయ్యి వేయబోతే కుర్రాడు అడ్డం పడ్డాడు. దాని తొడిమకు ఎర్రటి గుడ్డముక్క కట్టి ఉంది. అది విత్తనం కాయ. ఎవరూ ముట్టుకోకూడదు.

"ఇదెవరికిరా?" అన్నాను.

"యాత్రకి నాన వస్తాడు. ఇత్తనాలు ఇచ్చి పంపుతాను. ఆళ్ల గదికాడ డబ్బాలో వేసుకుంటారు."

గుడ్డముక్క ముడి మరోసారి బిగించాడు. ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగాడు.

"సూరత్తులో గదుల్లోకి ఎండ వస్తాదాండీ?"